నౌపడ–పలాస ప్రాంతంలో ప్రయాణికుల బస: సత్రం నుంచి నడిబొడ్డు చిన్న హోటల్ దాకా

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగాన నౌపడ, టెక్కలి, పలాస–కాశీబుగ్గ, ఉద్దానం తీరం ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఈ ప్రాంతంలో బాటసారికి బస దొరికే తీరును మూడు రూపాలుగా చెప్పుకోవచ్చు. మొదటిది పూరీ జగన్నాథం బాట మీది సత్రం. రెండోది రైలు వెంట వచ్చిన బంగ్లా, లాడ్జి. మూడోది ఊరి నడిబొడ్డున పది పన్నెండు గదులతో, ఆ ఊరి వంటనూ చేతిపనినీ తనలో ఇముడ్చుకుని నడిచే చిన్న హోటల్. నగరాల్లో బొటీక్ హోటల్ అని పిలుస్తున్న ఈ మూడో రూపం ఇక్కడ ఇంకా వేళ్లూనుకోవలసి ఉంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఈ ప్రాంతంలో బస విహారం కోసం పుట్టలేదు. మొక్కు కోసం, వ్యాపారం కోసం, ఉద్యోగం కోసం, వైద్యం కోసం పుట్టింది. అందుకే ఇక్కడ రాబోయే మంచి చిన్న హోటల్‌కు తగిన చోటు సముద్రపు ఒడ్డు కాదు, బజారు. ఈ వ్యాసం ఆ మాటను చరిత్రతోనూ, నేటి అవసరాలతోనూ, చట్టాలతోనూ సరిచూస్తుంది.

బాట, మజిలీ, సత్రం

కలకత్తా నుంచి మద్రాసుకు తీరం వెంట సాగిన పాత బాట గంజాం, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం మీదుగా దక్షిణానికి దిగేది. పూరీ జగన్నాథ దర్శనానికి వెళ్లే తెలుగు, తమిళ యాత్రికులకు ఇదే దారి. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీకి వెళ్లిన ఏనుగుల వీరాస్వామయ్య, తిరుగు ప్రయాణంలో జగన్నాథం నుంచి ఈ తీరం వెంటే వచ్చి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర చదివితే ఆనాటి ప్రయాణికుడు మజిలీని ఏ లెక్కన ఎంచుకునేవాడో తెలుస్తుంది. మంచినీళ్లు ఉన్నాయా, అంగళ్లు దగ్గరలో ఉన్నాయా, నీడకు తోపో సత్రమో ఉందా అన్నవే ఆయన ఊరూరా గమనించిన విషయాలు. గది అందం తరువాతి మాట. బస విలువ దాని చుట్టూ ఉన్న ఊరి వల్ల నిర్ణయమయ్యేది.

సత్రాలు దాతల పుణ్యకార్యాలే అయినా వాటిని పూర్తిగా దాతల ఇష్టానికి వదిలేయలేదు. వాటి పోషణకు ఇచ్చిన మాన్యాల రాబడి దారిమళ్లకుండా చూసే అధికారాన్ని మద్రాసు ప్రభుత్వం 1817 నాటి ఏడో రెగ్యులేషన్ ద్వారా రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. ఆలయాలు, మసీదులు, విద్యాలయాలు, వంతెనల సరసన సత్రాలనూ ఆ చట్టం ప్రజోపయోగ నిర్మాణాలుగా లెక్కించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ధర్మసంస్థలకు వర్తించేది 1987 నాటి దేవాదాయ చట్టం. రెండు వందల ఏళ్ల కిందటే బాటసారి బసను ఊరుమ్మడి బాధ్యతగా గుర్తించారన్నది ఇక్కడ గమనించవలసిన అంశం. సత్రానికి లోపాలూ ఉండేవి. కులాన్ని బట్టి పంక్తి వేరయ్యేది, కొందరికి గుమ్మమే తెరుచుకునేది కాదు. డబ్బు చెల్లించి దిగే లాడ్జి ఆ అడ్డుగోడను చాలావరకు బలహీనపరచింది. సత్రం నుంచి తీసుకోవలసింది దాని ఆతిథ్య బాధ్యత. వదలవలసింది దాని వివక్ష.

రైలు, ఉప్పు, జంక్షన్

1893 నుంచి 1896 దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే విజయవాడ–కటక్ మార్గాన్ని దశలవారీగా తెరవడంతో ఈ ప్రాంతపు ప్రయాణం తీరే మారిపోయింది. రోజుల తరబడి సాగిన మజిలీలు గంటల్లోకి వచ్చాయి. 1902లో ఈ మార్గపు ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. అంతకు రెండేళ్ల ముందే, 1900లో, పర్లాకిమిడి రాజావారి చొరవతో నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండడుగుల ఆరంగుళాల వెడల్పు పట్టాలతో చిన్న రైలు మొదలైంది. టెక్కలి, పాతపట్నం మీదుగా సాగిన ఆ దారి 1931 నాటికి గుణుపురం చేరింది. పట్టాల వెడల్పు వేరు కావడంతో మనిషి రైలు మారాలి, సరుకు బండి మారాలి. కాబట్టి నౌపడ ఎదురుచూపుల ఊరైంది. గుణుపురం వైపు కొండప్రాంతపు దిగుబడులూ, నౌపడ మడుల్లో పండే ఉప్పూ ఇక్కడే చేతులు మారేవి. పెద్ద లైను వేయడానికి 2004లో ఆగిన ఈ మార్గం 2011లో గుణుపురం వరకు మళ్లీ నడిచింది. ఇప్పుడు ఒకే రైలు పెద్ద లైనూ కొమ్మ లైనూ రెండింటి మీదా నడవగలదు గనుక నౌపడలో దిగి ఆగవలసిన అవసరం తగ్గింది.

ఇందులో బస గురించి ఒక గట్టి పాఠం ఉంది. ప్రయాణికుడు ఆగవలసిన చోట బస పుడుతుంది. ఆ అవసరం తీరగానే తరిగిపోతుంది. నౌపడ ఉప్పు మడుల మధ్య పేరున్న జంక్షన్‌గా మిగిలింది. బజారు, బ్యాంకులు, ఆస్పత్రులు, జాతీయ రహదారి ఉన్న పలాస–కాశీబుగ్గ, రెవెన్యూ డివిజన్ కార్యాలయం ఉన్న టెక్కలి బసకు కేంద్రాలయ్యాయి. రెండు రైల్వే డివిజన్లు పలాస దగ్గరే కలుస్తాయి. 2022 ఏప్రిల్‌లో పలాస కూడా రెవెన్యూ డివిజన్ అయింది. కాలం నిలిపిన బసలన్నీ ఊరి పనులు జరిగే చోటనే నిలిచాయి.

ఉద్యోగులకు మాత్రం వేరే ఏర్పాటు ఉండేది. రెవెన్యూ, అటవీ, ప్రజాపనుల శాఖల బంగ్లాలు పర్యటనకు వచ్చే అధికారుల కోసం వెలిశాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే పూరీలో సంపన్నుల కోసం సముద్రపు ఒడ్డున హోటల్ నడిపింది. ఒడిశాలోని గోపాలపూర్‌లో 1914లోనే ఒక ఇటలీ కుటుంబం సముద్రపు ఒడ్డున హోటల్ కట్టింది. ఇదే బంగాళాఖాతం ఒడ్డున ఇక్కడికి కొద్ది దూరంలోనే విహారపు బస వర్ధిల్లినా, నౌపడ–పలాస మాత్రం పనివాళ్ల మజిలీగానే ఎదిగింది. దీన్ని వెనుకబాటుగా చూడనక్కర లేదు. విహారపు బస కాలాన్ని బట్టి నిండుతుంది, ఖాళీ అవుతుంది. పని మీద వచ్చేవాడు ఏడాది పొడుగునా వస్తాడు.

పలాస లాడ్జి: ఎవరికోసం, ఎలా

పలాస పేరు చెప్పగానే తెలుగువారికి జీడిపప్పు గుర్తుకొస్తుంది. పిక్కలను బాయిలర్లలో ఉడికించి, ఆరబెట్టి, కోసి, పొర తీసి, సైజులవారీగా వేరుచేసే కార్ఖానాలు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పౌనుకు ఎన్ని గుళ్లు తూగుతాయన్న లెక్కన 210, 240, 320 రకాలుగా పప్పుకు ధర కడతారు. సరుకు చూసి, రకం తేల్చి, బేరం కుదుర్చుకోవడానికి వచ్చే వ్యాపారి ఒకటి రెండు రాత్రులు ఆగుతాడు. అతడితోపాటు మందుల కంపెనీ ప్రతినిధులు, బ్యాంకు తనిఖీ అధికారులు, పరీక్షలు రాసే విద్యార్థులు, పెళ్లిళ్లకు వచ్చే బంధువులు లాడ్జీల్లో దిగుతారు. వలస వెళ్లి హైదరాబాదు, చెన్నై, ముంబై, గల్ఫ్ దేశాల్లో స్థిరపడి, సంక్రాంతికో గ్రామదేవత సంబరానికో కుటుంబంతో తిరిగివచ్చే ఉద్దానం వారూ ఉన్నారు. పల్లెలోని ఇల్లు చాలనప్పుడు వారికీ పట్టణంలో గది కావాలి.

గత కొన్నేళ్లలో మరో వర్గం చేరింది. ఉద్దానంలో కారణం ఇంకా తేలని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి వేల కుటుంబాలను కుంగదీసింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు పడుతుంది. దూరపు మండలాల నుంచి రోగి వెంట వచ్చే మనిషికి ఆ సమయంలో కూర్చోవడానికి, స్నానానికి, నిద్రకు చోటు కావాలి. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరిగిన తరువాత ఇంజనీర్లు, గుత్తేదారుల రాకపోకలూ పెరిగాయి.

లాడ్జిని చిన్నచూపు చూడటం తేలిక. కిటికీ లేని గదులు, సరిగా ఆరని దుప్పట్లు, మెట్ల కింద ఇరుకు కౌంటరు దాని లోపాలు. అయితే మన లాడ్జీల్లో ఒక తెలివైన ఆచారం ఉంది, అది 24 గంటల లెక్క. తెల్లవారుజామున మూడు గంటలకు రైలు దిగినవాడు మరునాడు అదే వేళ దాకా ఉండవచ్చు. పెద్ద హోటళ్లు పాటించే మధ్యాహ్నం పన్నెండు గంటల నియమంలో అదే ప్రయాణికుడు తొమ్మిది గంటల బసకే ఒక రోజు అద్దె పూర్తిగా కోల్పోతాడు. హౌరా–చెన్నై మార్గంలో వేళ కాని వేళ ఆగే రైళ్లే దిక్కైన పట్టణానికి లాడ్జి లెక్కే న్యాయమైనది. కొత్తగా వచ్చే చిన్న హోటల్ దీన్ని వదులుకుంటే మెరుగుపడటం మాట అటుంచి వెనకడుగు వేసినట్టే.

చిన్న హోటల్ అనే రకం

లండన్‌లో 1978లో బ్లేక్స్, శాన్‌ఫ్రాన్సిస్కోలో 1981లో బిల్ కింప్టన్ తెరిచిన బెడ్‌ఫర్డ్, న్యూయార్క్‌లో 1984లో ఇయాన్ ష్రాగర్, స్టీవ్ రూబెల్ మొదలుపెట్టిన మోర్గన్స్ బొటీక్ హోటల్ అనే ఈ రకానికి తొలి నమూనాలుగా పేరుపొందాయి. ఆ తొలి హోటళ్లకు మూడు లక్షణాలు ఉమ్మడి. కొత్తగా కట్టడం కన్నా ఊరి మధ్య ఉన్న పాత కట్టడాన్ని బాగుచేసుకున్నాయి. గదుల సంఖ్య కన్నా ప్రతి గది మీద పెట్టే శ్రద్ధకు విలువ ఇచ్చాయి. ఏ ఊళ్లోనైనా ఒకేలా కనిపించే గొలుసు హోటళ్లకు భిన్నంగా తమ ఊరి ముద్రను చూపాయి. భారతదేశంలో 1991లో తెరుచుకున్న నీమ్రాణా కోట, తమిళనాట చెట్టినాడు మేడలు, ఒడిశాలో చిలికా ఒడ్డున 18వ శతాబ్దం చివర కట్టిన రంభ రాజమహలు ఇదే దారిలో అతిథి గృహాలయ్యాయి. ఇవన్నీ ఖరీదైనవే. కానీ ఆ ఖరీదు ఈ రకానికి ప్రాణం కాదు. చిన్న పరిమాణం, ఊరితో ముడి, శ్రద్ధ అన్న మూడే దానికి ప్రాణం. ఆ మూడూ పలాస బజారులో సాధారణ ధరకు సాధ్యమే.

ప్రభుత్వ నిబంధనలు కూడా ఇందుకు అడ్డుపడవు. నక్షత్ర హోదాకు కేంద్ర పర్యాటక శాఖ కనీసం 10 గదులు ఉండాలంటుంది. 1950కి ముందు కట్టిన ఇళ్లూ మేడలూ హెరిటేజ్ హోటల్ వర్గంలోకి రావడానికి 5 గదులు చాలు. యజమాని తన ఇంట్లోనే అతిథులను ఉంచుకునే పథకంలో 1 నుంచి 6 గదుల దాకా అనుమతి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు, అంతకు తక్కువ అద్దె ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతమే. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వారి వివరాలు అధికారులకు పంపాలి. కిడ్నీ వ్యాధి పరిశోధనకూ, ఓడరేవు పనులకూ విదేశీ నిపుణులు వచ్చే అవకాశం ఉన్న చోట ఆ నమోదు ఏర్పాటు చేసుకోని యజమాని వారిని తిప్పిపంపవలసి వస్తుంది.

ఒడ్డున కట్టాలా, బజారులో కట్టాలా

బారువ, భావనపాడు, అక్కుపల్లి శివసాగర తీరం లాంటి అందమైన ఒడ్డులు ఉండగా హోటల్ బజారులో ఎందుకన్నది సహజంగా వచ్చే మొదటి అభ్యంతరం. దానికి మూడు జవాబులు ఉన్నాయి. మొదటిది చట్టం. 2011, 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ల ప్రకారం గ్రామీణ తీరంలో పోటుగీత నుంచి 200 మీటర్ల వరకు శాశ్వత నిర్మాణాలపై కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన గ్రామీణ తీరానికే 2019 నిబంధన ఆ హద్దును 50 మీటర్లకు తగ్గించింది. రెండోది గాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు దగ్గరలోనే తీరం దాటి ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అంతకు అయిదేళ్ల ముందు ఫైలిన్ కూడా ఈ తీరాన్ని వణికించింది. తుపాను తరువాత ఊళ్లోకి వచ్చే కరెంటు లైన్‌మన్లకు, సహాయ సిబ్బందికి ముందుగా కావలసింది పట్టణంలో నిలిచిన పైకప్పు. ఒడ్డున కట్టిన రిసార్టు సరిగ్గా ఆ రోజునే పనికిరాకుండా పోతుంది. మూడోది దూరం. తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, రావివలసలో కప్పులేని గర్భగుడిలో వెలసిన ఎండల మల్లికార్జునుడు, మందస వాసుదేవ పెరుమాళ్ ఆలయం, బారువ తీరం ఒకదానికొకటి వేర్వేరు దిక్కుల్లో ఉన్నాయి. టెక్కలి నుంచో పలాస నుంచో అన్నింటికీ పగటిపూట వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. ఏ ఒక్క ఒడ్డున దిగినా మిగతావి దూరమవుతాయి.

తేలినీలాపురం పక్షులను గ్రామస్థులు తమ ఇంటి చుట్టాల్లా కాచుకుంటారు. ఆ చెట్ల పక్కనే హోటల్ వస్తే దీపాలు, వాహనాలు గూళ్లను చెదరగొడతాయి. అతిథి పట్టణంలో నిద్రపోయి, వేకువన వెళ్లి చూసి రావడమే ఊరికీ పక్షులకూ మేలు. తీర గ్రామానికి రాబడి రాకుండా పోతుందన్న బాధ న్యాయమైనదే. కానీ గ్రామానికి రాబడి రావాలంటే గదులు కట్టనక్కర లేదు. దారి చూపే యువకులకు, పడవ వారికి, వండి పెట్టే ఇళ్లకు నేరుగా చెల్లింపు జరిగేలా హోటల్ ఒప్పందం చేసుకోవచ్చు.

మిగతా అభ్యంతరాలు

పెట్టుబడి పెట్టేవాడు అడిగేది గిరాకీ గురించి. ఒక ఊహాలెక్క తీసుకుందాం. 12 గదుల హోటల్‌కు నెలకు 360 గది–రాత్రులు ఉంటాయి. వాటిలో 60 శాతం నిండితే 216. గదికి 1,500 రూపాయల చొప్పున 3,24,000 రూపాయలు. అదే 216 రాత్రుల గిరాకీ 40 గదుల హోటల్‌కు వస్తే నిండేది 18 శాతమే. గిరాకీ పరిమితంగా ఉన్న పట్టణంలో చిన్న హోటల్ నిలబడటానికీ పెద్ద హోటల్ మూతపడటానికీ తేడా ఇక్కడే ఉంది. కాబట్టి గిరాకీ తక్కువన్న వాదన చిన్న హోటల్‌కు వ్యతిరేకం కాదు, అనుకూలం. చిన్నదానికి జీతాల భారం గదికి ఎక్కువ పడుతుందన్నది నిజం. పక్క భోజన హోటల్‌తో, బట్టలు ఉతికే వారితో, కారు డ్రైవర్లతో నెలవారీ ఒప్పందాలు కుదుర్చుకుని అన్నింటినీ సొంతంగా నడపకపోవడమే దానికి మార్గం. నడిబొడ్డున ఉండటం వల్లే అది వీలవుతుంది.

మరింత బరువైన అభ్యంతరం నీతికి సంబంధించినది. వెయ్యి రూపాయలు కూడా కష్టమైన రోగి బంధువులు ఉన్న ఊళ్లో అందమైన గదుల గురించి మాట్లాడటం సబబా? చిన్న హోటల్ ఒక్కటే ఈ సమస్యను తీర్చలేదు. ఆస్పత్రి దగ్గర ప్రభుత్వమూ దాతలూ కలిసి నడిపే ఉచిత విశ్రాంతి గృహం అవసరం, దాన్ని ఏ వ్యాపార సంస్థా భర్తీ చేయకూడదు. పాత సత్రపు బాధ్యత ఇవాళ అక్కడే బతకాలి. అయినా హోటల్ చేయగలిగింది ఉంది. వ్యాపారి రేటు, కుటుంబం రేటు, ఆస్పత్రి రేటు వేరువేరుగా గోడ మీద రాసి పెట్టవచ్చు. రోగి తోడు మనిషికి స్నానానికీ పగటి నిద్రకూ నాలుగైదు గంటల అద్దెకు గది ఇవ్వవచ్చు. రైల్వే విశ్రాంతి గదుల్లో గంటల లెక్కన అద్దె ఇదివరకే అలవాటైన పద్ధతి.

గది, నీరు, వంట

ఊరి ముద్ర అంటే గోడకు నాలుగు బొమ్మలు తగిలించడం కాదు. ఈ తీరపు వాతావరణానికి పూర్వులు కనిపెట్టిన జవాబులు వాడుకోవడం. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు గుండ్రటి మట్టిగోడలతో, నేలను తాకేంత కిందికి దిగిన తాటాకు కప్పుతో గాలిని చీల్చి పంపేది, ఎండను ఆపేది. ఆ రూపాన్ని బజారులో యథాతథంగా కట్టలేం గానీ దాని సూత్రాలను తీసుకోవచ్చు: లోతైన చూరు, ఎదురెదురు కిటికీలు, చల్లని నేల. పొందూరు ఖద్దరు దుప్పటి, బూడితి ఇత్తడి చెంబు, ఉద్దానపు కొబ్బరిపీచు పట్టా రోజూ వాడే వస్తువులుగా గదిలో ఉంటే వాటి తయారీదారులకు నిలకడైన కొనుగోలు దొరుకుతుంది. సవర గిరిజనుల గోడచిత్రాలను వాడదలిస్తే గీసిన వారికి డబ్బు చెల్లించి, వారి పేరు రాయడం కనీస మర్యాద. ఆ చిత్రాలు పూజతో ముడిపడినవి కాబట్టి ఏది ఎక్కడ గీయవచ్చో వారే నిర్ణయించాలి.

నీటి విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ్యత ఉంది. కిడ్నీ వ్యాధికి నీరే కారణమని తేలకపోయినా, నీటి మీద భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. వంశధార మీది హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి గొట్టాల ద్వారా తాగునీరు తెచ్చే పథకం ఆ భయానికి జవాబుగానే వచ్చింది. హోటల్ తన నీళ్లు ఎక్కడివో, ఎప్పుడు పరీక్ష చేయించిందో అతిథికి కనిపించేలా రాసి పెట్టాలి. శుద్ధి చేసిన నీటిని గాజు సీసాల్లో ఇస్తే ప్లాస్టిక్ చెత్త తగ్గుతుంది. వంటలో మాత్రం ఈ నేల చాలా ఉదారమైనది. వేసవిలో పచ్చి జీడిపప్పు కూర, పనసపొట్టు, చోడి అంబలి, కొబ్బరి పచ్చడి, తీరపు చేపల పులుసు వండటానికి దూరపు సరుకు అక్కర లేదు. ఏ ఊళ్లోనైనా దొరికే వంటకాల పట్టిక కన్నా ఆ రోజు సంతలో దొరికినదే వండటం చిన్న హోటల్‌కు సాధ్యం, పెద్దదానికి కష్టం.

ముగింపు

నౌపడ–పలాస ప్రాంతంలో బస చరిత్ర ఒకే దిశ చూపుతోంది. సత్రం బాటను ఆశ్రయించింది, బంగ్లా కచేరీని, లాడ్జి స్టేషన్‌నూ బజారునూ ఆశ్రయించాయి. చిన్న హోటల్ ఈ వరుసలో తరువాతి అడుగు కావాలంటే విహారపు పటం మీద కొత్త చుక్కగా కాక, ఊరి పనిలో భాగంగా మొదలవ్వాలి. దాని నాణ్యతను అయిదు ప్రశ్నలతో తూచవచ్చు. రైలు దిగిన వేళతో నిమిత్తం లేకుండా 24 గంటలు దక్కుతాయా? ఆస్పత్రికి వచ్చినవారికి ప్రత్యేక రేటు ఉందా? నీటి పరీక్ష వివరాలు బయట పెట్టారా? వాడే వస్తువులు, వంట సరుకులు జిల్లాలోనివేనా? పనిచేసే వారికి నిలకడైన జీతం ఉందా? వీటికి అవునని చెప్పగల పన్నెండు గదుల హోటల్ పలాసకూ టెక్కలికీ అవసరం. అలాంటివి రెండు మూడు నిలిస్తే జిల్లాకు పర్యాటకం దానంతట అదే వస్తుంది. పర్యాటకాన్ని ముందు పెట్టి ఒడ్డున గదులు కడితే ఊరికి మిగిలేది వేసవి సెలవుల రాబడి, తుపాను నష్టం.